దూలం మీది పేరు: చైనాలోని ఒక పాత ఆలయం చెప్పే చరిత్ర

కిందటేడు మా జిల్లా శాఖ సమావేశంలో ప్రాచీన కట్టడాల ప్రస్తావన వచ్చింది. ఒక యువ మిత్రుడు లేచి సూటిగా అడిగాడు: "గుళ్లూ గోపురాలూ రాజులు కట్టించినవి. ప్రజల రెక్కలు విరిచి కట్టించినవి. వాటి నిర్మాణ కౌశలాన్ని మెచ్చుకుంటూ వ్యాసాలు రాయవలసిన ఖర్మ అభ్యుదయ రచయితలకు ఏం పట్టింది?" అదే సభలో ఒక పెద్దాయన దానికి జవాబుగా, మన పూర్వుల గొప్పతనాన్ని తక్కువ చేసి మాట్లాడరాదని మందలించాడు. సభ రెండుగా చీలింది. నన్ను మాట్లాడమన్నారు. నేనేదో సర్దుబాటు మాట చెప్పి కూర్చున్నాను. ఆ మాట నాకే రుచించలేదు.

ప్రశ్నలో నిజాయితీ ఉంది, మందలింపులో అభిమానం ఉంది. రెండింటిలోనూ లేనిది పరిశీలన. ఒకరు కట్టడాన్ని చూడకుండానే కొట్టివేస్తున్నారు, మరొకరు చూడకుండానే చేతులు జోడిస్తున్నారు. కట్టడాన్ని చదవాలన్న ఆలోచన ఇద్దరికీ లేదు. కట్టడం కూడా ఒక గ్రంథమే. దాన్ని ఎవరు రాశారు, ఎవరి ఖర్చుతో రాశారు, ఎవరి పేరు అందులో ఎక్కింది, ఎవరిది ఎక్కలేదు అని అడగగలిగితే అది సమాధానం చెబుతుంది.

ఈ విషయం నాకు పుస్తకాల వల్లకాక, మా ఊళ్లోనే ముందు తెలిసివచ్చింది. మా ఊరి శివాలయంలో గర్భగుడి వాకిలి పక్కన ఒక శాసనం ఉండేది. ఎనిమిదో తరగతి పిల్లలను తీసుకుపోయి, తడి కాగితం అద్ది, బొగ్గుపొడితో దాని అచ్చు తీయించేవాణ్ణి. స్వామికి అఖండ దీపం పెట్టించడానికి ఎవరో ఇచ్చిన ఇరవై అయిదు గొర్రెలను ఒప్పుకుని, రోజూ నెయ్యి పోస్తానని మాట ఇచ్చిన ఒక బోయ పేరు అందులో ఉండేది. రాజుగారి బిరుదులకు పిల్లలు ఆవులించేవారు. ఆ గొర్రెల కాపరి పేరు దగ్గరికి వచ్చేసరికి వాళ్ల కళ్లు మెరిసేవి. కొన్నేళ్లకు గుడికి జీర్ణోద్ధరణ జరిగింది. చందాలు బాగా వచ్చాయి. గోడలకు నున్నటి పలకలు తాపడం చేశారు. శాసనం మీద రెండు పూతల రంగు వేసి, దానిపై దాతల జాబితా రాయించారు. ఆ జాబితాలో నా పేరు కూడా ఉంది. నూటపదహార్లు ఇచ్చాను. దేనికిస్తున్నానో అడగలేదు.

ఆ తప్పు మనసులో మెదులుతుండగానే, చైనా వాస్తుశిల్ప చరిత్రకారుడు లియాంగ్ సిచెంగ్ పటాల పుస్తకం నా చేతికి వచ్చింది. ఆయన చనిపోయిన పన్నెండేళ్లకు, 1984లో అమెరికాలో అచ్చయిన పుస్తకమది. అందులో ఒక ఆలయపు నిలువుకోత పటం ముందు నేను చాలా రాత్రులు కూర్చున్నాను. దాని పేరు ఫోగ్వాంగ్ సి, అంటే బుద్ధకాంతి ఆలయం. నేను చైనా వెళ్లలేదు. లియాంగ్ కొలతలనూ కథనాన్నీ, తరువాతి వారి పరిశోధనలనూ ఆధారం చేసుకుని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

*

ఉత్తర చైనాలో షాన్సీ రాష్ట్రంలో వూతాయ్ పర్వతం ఉంది. అయిదు శిఖరాల కొండ అది. బోధిసత్త్వుడు మంజుశ్రీ నివాసమని బౌద్ధుల విశ్వాసం. కొండ నడుమ తాయ్‌హువాయ్ అనే ఊరి చుట్టూ పెద్ద ఆలయాలు, యాత్రికుల రద్దీ. ఫోగ్వాంగ్ ఆలయం ఆ రద్దీకి దూరంగా, ఒక లోయ కొసన, కొండవాలును ఆనుకుని ఉంది. ఉత్తర వేయ్ రాజవంశపు చక్రవర్తి షియావోవెన్ కాలంలో, అంటే క్రీ.శ. 471-499 మధ్య, దీన్ని స్థాపించారని సంప్రదాయం. తొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో ఫాషింగ్ అనే భిక్షువు ఇక్కడ మూడంతస్తుల మైత్రేయ మందిరం కట్టించాడు. 845లో అది నేలమట్టమైంది.

845 నాటి సంఘటనను చరిత్ర పుస్తకాలు 'బౌద్ధంపై హింస' అని ఒక్క మాటలో తేల్చివేస్తాయి. తాంగ్ చక్రవర్తి వూజొంగ్ తావో మతాభిమాని కావడం వల్ల బౌద్ధాన్ని అణిచాడని చెబుతాయి. అది సగం నిజం. మిగతా సగం చక్రవర్తి శాసనంలోని అంకెల్లోనే ఉంది. 4,600కు పైగా ఆరామాలు, 40,000కు పైగా చిన్న మందిరాలు కూలగొట్టారు. 2,60,500 మంది భిక్షువులనూ భిక్షుణులనూ గృహస్థులుగా మార్చి పన్ను కట్టే వారి లెక్కలోకి ఎక్కించారు. ఆరామాల కింద ఉన్న 1,50,000 మంది బానిసలను కూడా పన్ను లెక్కలోకి తెచ్చారు. కంచు విగ్రహాలను కరిగించి నాణేలు పోశారు. ఇనుప విగ్రహాలను కరిగించి వ్యవసాయ పనిముట్లు చేశారు.

ఈ లెక్కలు చూసిన తర్వాత ఇది కేవలం మతద్వేషమని ఎవరనగలరు? సర్వసంగ పరిత్యాగాన్ని బోధించిన ధర్మం పేరిట లక్షన్నర మంది బానిసలు ఉండటమేమిటి? ఆరామాలు పన్ను లేని భూస్వాములయ్యాయి. ఖాళీ ఖజానాతో ఉన్న రాజ్యం ఆ భూమి మీద, ఆ మనుషుల మీద, ఆ లోహం మీద కన్నేసింది. పోరాటం దేవుడి గురించి కాదు, మిగులు ఎవరికి దక్కాలన్న దాని గురించి. ఆ బానిసలకు దొరికింది విముక్తి అని నేననను. ఆరామం కాడి నుంచి రాజ్యం కాడికి మారారు. కాని బౌద్ధాన్ని శాంతి కరుణలుగా మాత్రమే చూసే మనవాళ్లు ఈ అంకెలను ఒకసారి మననం చేసుకోవడం మంచిది.

మరుసటి ఏడే వూజొంగ్ చనిపోయాడు. తరువాత వచ్చిన చక్రవర్తి విధానం మార్చాడు. ఆలయాలు మళ్లీ లేచాయి. యువాన్‌చెంగ్ అనే భిక్షువు ఆధ్వర్యంలో ఫోగ్వాంగ్ ఆలయంలో తూర్పు మందిరం 857లో పూర్తయింది. ఈనాడు మనం చూస్తున్నది ఆ మందిరాన్నే. చెక్కతో కట్టిన ఇల్లు పదకొండున్నర శతాబ్దాలుగా నిలిచి ఉంది. ఆ సమయానికి మన వేంగిలో గుణగ విజయాదిత్యుడు రాజ్యం చేస్తున్నాడంటే ఆ కాలదూరం మనకు తెలుస్తుంది.

*

ఆలయ ప్రాంగణం పడమరకు తెరుచుకుని ఉంటుంది. మూడు వైపుల కొండలు. పడమటి ద్వారం నుంచి మెట్టుమెట్టుగా పైకి లేస్తూ, తూర్పు కొసన కొండవాలును చెక్కి చదును చేసిన ఎత్తైన అరుగు మీద తూర్పు మందిరం కూర్చుంది. ఎడమ పక్కన, ఉత్తరాన, 1137లో జిన్ రాజవంశ కాలంలో కట్టిన మంజుశ్రీ మందిరం ఉంది. తూర్పు మందిరానికి దక్షిణ పక్క ఆరు పలకల ఇటుక స్తూపం ఒకటి నిలిచి ఉంది. అది తాంగ్ కాలానికి ముందుదే. అంటే ఒకే ఆవరణలో అనేక శతాబ్దాల పనివాళ్లు ఒకరి పక్కన ఒకరు నిలబడి ఉన్నారన్నమాట.

తూర్పు మందిరం పొడవు 34 మీటర్లు, వెడల్పు 17.66 మీటర్లు. ముందువైపు ఏడు అంకణాలు, పక్కవైపు నాలుగు. మొత్తం 36 స్తంభాలు, ఒక వరుస లోపల మరొక వరుసగా: బయటి చుట్టులో 22, లోపలి చుట్టులో 14. లోపలి చుట్టు బుద్ధులది, రెండు చుట్ల నడుమ నడవ మనుషులది. గోడలు బరువు మోయవు. బరువంతా స్తంభాలదే. ఇది మన మండువా ఇళ్లు చూసినవారికి కొత్త విషయం కాదు. కాని స్తంభానికీ కప్పుకూ మధ్య చైనా వడ్రంగి పెట్టిన నిర్మాణం మాత్రం మనకు కొత్త.

దాన్ని వారు దోగుంగ్ అంటారు. స్తంభం నెత్తిన ఒక దిమ్మె. దిమ్మెకు అడ్డంగా నిలువుగా గాళ్లు తీసి అందులో రెండు కొయ్య చేతులు దించుతారు. ఆ చేతుల కొసలమీద చిన్న దిమ్మెలు, వాటిమీద ఇంకా పొడవైన చేతులు. ఇలా అంతస్తు మీద అంతస్తుగా పోయేకొద్దీ ముందుకు జరుగుతూ అవి చూరును మోస్తాయి. ఒక కొయ్యకు గాడి తీయడం, మరో కొయ్య కొసను అందులో బిగించడం, ఇదే ఇక్కడి కీలు. బిగువు మేకుల వల్ల వచ్చినది కాదు, కొలత వల్ల వచ్చినది. భూమి కంపిస్తే ఈ కీళ్లు కొద్దిగా కదిలి, ఆ తాకిడిని తమలో ఇముడ్చుకుంటాయి.

ఫోగ్వాంగ్ మందిరంలో ఈ దోగుంగ్‌ల ఎత్తు స్తంభం ఎత్తులో దాదాపు సగం. వాటి బలంతో చూరు గోడ దాటి నాలుగు మీటర్ల దగ్గరగా బయటికి చొచ్చుకువచ్చింది. ఇంత చూరు కిందికి వాలిపోకుండా ఎలా నిలిచింది? దోగుంగ్ గుండా ఏటవాలుగా ఒక పొడవాటి కొయ్య పోతుంది. దాని బయటి కొస చూరును మోస్తుంది, లోపలి కొసను కప్పు బరువు అదిమిపెడుతుంది. మన రైతు ఏతం గుర్తు చేసుకోండి. మాను ఒక కొసన నీళ్ల బాన, రెండో కొసన మనిషి బరువు, మధ్యలో ఆధారం. కృష్ణా తీరాన చేనికి నీరు తోడిన సూత్రమే అక్కడ బుద్ధుడి నెత్తిన గూడు కాచింది. ఈ సూత్రం ఏ చక్రవర్తికీ తట్టినది కాదు. బరువులెత్తిన చేతులకు తెలిసినది.

ఇంకొక సంగతి. ఈ కట్టడంలో కొయ్యలన్నీ ఒకే కొలత ఆధారంగా కోసినవి. ప్రధానమైన కొయ్య అడ్డుకోత ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు, వెడల్పు 20. అంటే మూడుకు రెండు పాళ్లు. ఈ పాళ్లను సూత్రీకరించి, కట్టడం స్థాయిని బట్టి ఎనిమిది తరగతులుగా విభజించిన 'యింగ్‌జావో ఫాషి' అనే గ్రంథం సోంగ్ రాజ్యంలో అచ్చయింది 1103లో. అంటే ఈ మందిరం లేచిన 246 ఏళ్లకు. శాస్త్రం ముందు పుట్టి పని తరువాత జరగలేదు. పని ముందు జరిగింది, దాన్ని చూసి అధికారి లీ జియే గ్రంథం రాశాడు. ఆ గ్రంథం ఉద్దేశమైనా సౌందర్యచర్చ కాదు. ప్రభుత్వ నిర్మాణాల్లో సరుకుకూ కూలికీ లెక్క కట్టడం, దుబారాను అరికట్టడం. వేసవి పగలు పొడవు కనుక ఆ దినం పని ఎక్కువ, శీతాకాలపు పగలు చిన్నది కనుక తక్కువ అని కూడా అందులో నియమం ఉంది. వాస్తుశాస్త్రమంటే గ్రహబలం, దిక్కుల దోషం అనుకునే మన పండితులకు ఇది వింతగా తోచవచ్చు.

మందిరం లోపల పందిరిలాంటి కొయ్యల అల్లిక కప్పు ఉంది. దాని కింద, మనుషుల కంటికి కనిపించే దూలాలను నెలవంకలాగా వంపు తీర్చి నునుపు చేశారు. అల్లిక కప్పు పైన, చీకట్లో ఉన్న దూలాలను గొడ్డలిదెబ్బలు కనిపించేలా మొరటుగానే వదిలేశారు. బలానికి లోటు లేదు, అలంకారానికి మాత్రం శ్రమ పెట్టలేదు. ఆ వడ్రంగుల పొదుపు నాకెంతో నచ్చింది.

ఉత్తరాన ఉన్న మంజుశ్రీ మందిరం ఇంకొక పాఠం. అదీ ఏడు అంకణాల మందిరమే. అయినా లోపల నాలుగే స్తంభాలు. రెండున్నర శతాబ్దాలకు పైగా గడిచాక వచ్చిన పనివాళ్లు దూలాలను జంటలుగా కలిపి, మధ్య ఊతకొయ్యలు వేసి, పొడవైన జాగాను స్తంభం లేకుండా దాటించారు. అంటే 'సంప్రదాయం' పేరిట వాళ్లు పాతదాన్ని అచ్చుగుద్దలేదు. ప్రాచ్య దేశాలు వేల ఏళ్లు కదలక మెదలక పడి ఉన్నాయని చెప్పిన పాశ్చాత్య పండితులకు ఈ రెండు మందిరాలు ఎదురెదురుగా నిలబడి జవాబు చెబుతున్నాయి.

*

ఇంత మందిరాన్ని లోకం గుర్తించింది 1937లో. అప్పటికి తాంగ్ కాలపు చెక్క కట్టడం చైనాలో ఒక్కటి కూడా మిగలలేదని, అటువంటిది చూడాలంటే జపాన్‌లోని నారాకు రావాలని జపాన్ పండితులు అంటుండేవారు. ఆనాడు జపాన్ మంచూరియాను మింగి కూర్చుని ఉంది. ఇటువంటి సందర్భంలో ఆ మాట కేవలం పాండిత్యం కాదు. నీ దేశపు గతానికి కూడా మేమే వారసులం అనడం.

లియాంగ్ సిచెంగ్, ఆయన భార్య లిన్ హుయియిన్ ఈ మాటను ఒప్పుకోలేదు. ఇద్దరూ అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చదివారు. వాస్తుశిల్ప విభాగంలో ఆడపిల్లలను చేర్చుకోరు కనుక లిన్ లలితకళల విభాగంలో చేరి వాస్తు పాఠాలు చదివింది. ఆ విశ్వవిద్యాలయం తన తప్పు దిద్దుకుని ఆమెకు వాస్తుశిల్ప పట్టా ప్రకటించింది 2024లో, ఆమె చనిపోయిన 69 ఏళ్లకు. లిన్ కవయిత్రి కూడా. 1924లో రవీంద్రనాథ్ టాగూర్ చైనా వెళ్లినప్పుడు ఆయనకు దుబాసీలుగా ఉన్న యువజనంలో ఆమె ఒకతె. బీజింగ్‌లో ఆయన 'చిత్ర' నాటకం ఆడినప్పుడు చిత్రాంగద వేషం ఆమెదే.

దున్‌హువాంగ్ గుహలో వూతాయ్ పర్వతపు కుడ్యచిత్రం ఒకటి ఉంది. అందులో ఫోగ్వాంగ్ ఆలయం పేరు రాసి ఉండటం లియాంగ్ ఫోటోల్లో చూశాడు. ఆయన తర్కం ఇది: తాయ్‌హువాయ్‌లోని ప్రసిద్ధ ఆలయాలకు దాతలు ఎక్కువ, కనుక వాటిని మళ్లీమళ్లీ కట్టి ఉంటారు, పాతది దొరికితే జనం పోని మూలనే దొరకాలి. 1937 జూన్‌లో దంపతులిద్దరూ, సహచరులు మో జొంగ్‌జియాంగ్, జీ యూతాంగ్ కంచరగాడిదల మీద కొండదారి పట్టారు. ఆ తర్కం ఫలించింది. లోయ కొసన ఆ చూరును చూడగానే పాతదని వారికి అర్థమయింది. ఎంత పాతదో చెప్పడానికి రాతపూర్వకమైన ఆధారం కావాలి.

అల్లిక కప్పు పైకి పాకారు. అక్కడ శతాబ్దాల ధూళి, వేల గబ్బిలాలు, లెక్కలేని నల్లులు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, టార్చిలైట్ల వెలుగులో గంటల తరబడి కొలతలు తీశారు. తేదీ దొరకలేదు. మూడోనాడు కింద నిలబడి ఉన్న లిన్‌కు ఒక దూలం అడుగున మసక మసకగా సిరా గీతలు ఉన్నట్టు తోచింది. ఆమెకు దూరదృష్టి ఉండేది. దగ్గరివి కనిపించకపోయినా దూరానివి స్పష్టంగా కనిపించేవి. మిగిలినవారికి కనిపించని గీతలు ఆమెకు కనిపించాయి. పల్లెజనాన్ని పిలిచి పరంజా కట్టించారు. దూలం మీద తరువాతి కాలపు రంగు పూత ఉంది. గుడ్డలు తడిపి తుడిస్తే అక్షరాలు తేలాయి, ఆరితే మాయమయ్యాయి. తుడుస్తూ, తడుపుతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ నాలుగు దూలాల రాతలు చదివారు. రంగుపూత కింద అక్షరాలు అన్న మాట దగ్గర నేను పుస్తకం మూసి, మా ఊరి గుడి వాకిలిని తలచుకున్నాను.

ఆ రాతల్లో ముఖ్య దాతగా ఒక స్త్రీ పేరు ఉంది: రాజధాని నుంచి కానుకలు పంపిన ఉపాసిక నింగ్ గొంగ్యూ. ఆ పేరు వినగానే లిన్‌కు వాకిట్లోని రాతిస్తంభం గుర్తొచ్చింది. పరుగున వెళ్లి చూస్తే దాని మీద అదే పేరు, పక్కనే సంవత్సరం: దాజొంగ్ శకం 11, అంటే క్రీ.శ. 857. మందిరం వయసు తేలిపోయింది. లోపల విగ్రహాల వేదిక కొసన, మహాబోధిసత్త్వుల పాదాల దగ్గర ఒదిగి, మామూలు గృహిణి వేషంలో కూర్చున్న స్త్రీ బొమ్మ ఒకటి ఉంది. ఆలయంలోని వారు దాన్ని వూ మహారాణి బొమ్మగా చెబుతూ వచ్చారు. ఆమె మహారాణి కాదు. దాత నింగ్ గొంగ్యూ. లిన్ ఆ బొమ్మ పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో ఉంది. ఒక స్త్రీ పేరును వెయ్యీ ఎనభై ఏళ్ల తర్వాత మరొక స్త్రీ చదివింది.

ఈ ఆనందం వారికి ఎంతోకాలం నిలవలేదు. జూలై 7న బీజింగ్ పక్కన లుగోచియావో వంతెన దగ్గర జపాన్ దాడి మొదలైంది. కొండల్లో ఉన్న వీరికి ఆ కబురు అయిదు రోజుల తర్వాత అందింది. తర్వాత ఎనిమిదేళ్లు యుద్ధం, వలస, క్షయరోగం, పేదరికం. వారు తియాంజిన్‌లో ఒక బ్యాంకులో దాచిన పరిశోధన సామగ్రి 1939 వరదల్లో తడిసి పాడయింది. వూతాయ్ కొండలు ప్రతిఘటనకు స్థావరమయ్యాయి. కెనడా డాక్టర్ నార్మన్ బెత్యూన్ 1938లో ఆదర్శ వైద్యశాల నడిపినది వూతాయ్ జిల్లాలోని ఒక పల్లెలోనే. మన దేశం పంపిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ సేవచేసి 1942లో ప్రాణం వదిలింది కూడా ఆ సరిహద్దు ప్రాంతంలోనే. ఫోగ్వాంగ్ ఆలయం మీదుగా యుద్ధం నడిచిపోయింది. కప్పు నిలిచింది.

*

ఇప్పుడు మళ్లీ మా యువ మిత్రుడి ప్రశ్నకు వస్తాను. దూలాల మీద ఎవరి పేర్లున్నాయి? ప్రాంతీయ అధికారుల పేర్లున్నాయి. భిక్షువుల పేర్లున్నాయి. అప్పటికే గతించిన 'కుడి సేనాధిపతి వాంగ్' స్మరణ ఉంది. అతడు రాజులను ఆడించిన అంతఃపుర నపుంసకుడు వాంగ్ షోచెంగ్ అని లియాంగ్ గుర్తించాడు. 835లో విషం తాగించి చంపబడిన మనిషి. అంటే ఈ పుణ్యకార్యం వెనక రాజధానిలోని అధికారమూ, దాని ధనమూ ఉన్నాయి. ఆ ధనం ఏ రైతు గాదె నుంచి వచ్చిందో దూలం చెప్పదు. స్త్రీ పేరు ఉంది, సంతోషమే. కాని దిమ్మెకు గాడి తీసిన వడ్రంగి పేరు ఆ రాతల్లో లేదు. నాలుగు మీటర్ల చూరును ఏతం సూత్రం మీద నిలబెట్టినవాడు అనామకుడు.

ఇక్కడ మన అమరావతిని తలచుకోక తప్పదు. ఆ స్తూపానికి దానాలిచ్చిన వారి శాసనాల్లో భిక్షుణులున్నారు, గృహిణులున్నారు, విధికుడనే చర్మకారుడు కూడా ఉన్నాడు. పూర్ణకుంభం చెక్కిన పలక అతని దానం. నాగార్జునకొండలో చాంతిసిరి, బోధిసిరి అనే స్త్రీల దానశాసనాలున్నాయి. సింహళ భిక్షువులు ధర్మాన్ని ప్రచారం చేసిన దేశాల వరుసలో చైనా పేరు ఉన్నది ఆ బోధిసిరి శాసనంలోనే. నింగ్ గొంగ్యూకు ఆరువందల ఏళ్ల ముందు, కృష్ణ ఒడ్డున, ఆమెలాంటి ఉపాసిక ఒకతె రాతిమీద తన పేరు చెక్కించుకుంది. ఆ అమరావతిని మనమేం చేశాం? 1797లో కాలిన్ మెకంజీ వచ్చేసరికే కొత్త పట్నం కట్టడానికి జమీందారు మనుషులు దిబ్బ తవ్వి రాళ్లు తరలించారు. చెక్కిన చలవరాళ్లు సున్నపు బట్టీల్లో కాలాయి. మిగిలినవి మద్రాసుకూ లండన్‌కూ పోయాయి.

గుళ్లు రాజులవి కనుక మనకు పట్టదని వదిలేస్తే ఏమవుతుంది? రాజు పేరు పోదు. అది పాఠ్యపుస్తకంలో ఉంటుంది. పోయేది విధికుడి పేరు, మా ఊరి గొర్రెల కాపరి పేరు. కట్టడం చెరిగినప్పుడు మొదట చెరిగేది శ్రామికుడి సాక్ష్యమే. ఎందుకంటే అతని సాక్ష్యానికి కట్టడం తప్ప మరో పుస్తకం లేదు. వడ్రంగికి దూలం మీద పేరు లేకపోయినా కీలులో సంతకం ఉంది. ఆ కీలు పోతే అతను ఉన్నాడన్న గుర్తే ఉండదు.

ఇక భక్తితో చేతులు జోడించే పెద్దలకు ఒక మాట. ఫోగ్వాంగ్ ఎందువల్ల మిగిలింది? ఎవరో భక్తితో కాపాడినందువల్ల కాదు. అది పేదది కావడం వల్ల మిగిలింది. తాయ్‌హువాయ్ ఆలయాలకు భక్తులున్నారు, ధనముంది, అందుకే పాతవి పోయి కొత్తవి లేచాయి. ఈనాడు మన పల్లెల్లో చందాలూ భక్తీ కలిసి చేస్తున్నది కూడా ఇదే. ఇసుక పిచికారీతో శిల్పాలను అరగదీస్తున్నాం, శాసనాలకు రంగులు పూస్తున్నాం, వెయ్యేళ్ల మండపాన్ని కూల్చి సిమెంటు గోపురం లేపుతున్నాం. దాన్ని ఉద్ధరణ అంటున్నాం.

మన పక్షాన జరిగిన తప్పును దాచడమూ ధర్మం కాదు. విప్లవం తర్వాత చైనా ప్రభుత్వం 1961లో జాతీయ రక్షిత కట్టడాల మొదటి జాబితాలోనే ఫోగ్వాంగ్ ఆలయాన్ని చేర్చింది. అది మెచ్చదగిన పని. కాని పాత బీజింగ్ నగరాన్ని అలాగే ఉంచి, పరిపాలనా కేంద్రాన్ని దాని పడమర కట్టుకోవచ్చని 1950లో లియాంగ్ చేసిన సూచనను అదే ప్రభుత్వం తోసిపుచ్చింది. నగరపు కోటగోడలను కూల్చింది. పాత కప్పుల మోజు ఉన్నవాడని లియాంగ్ మీద 1955లో విమర్శల ఉద్యమమే నడిచింది. లిన్ ఆ ఏడే మరణించింది. సాంస్కృతిక విప్లవంలో లియాంగ్‌ను అభివృద్ధి నిరోధక పండితుడని అవమానించారు. 1972లో ఆయన కన్నుమూశాడు. పాతదాన్ని ద్వేషించడమే కొత్తదాన్ని నిర్మించడమని భ్రమపడినప్పుడు ప్రజల పేరుతోనే ప్రజల పనితనాన్ని కూలగొట్టడం జరుగుతుంది. వూతాయ్ పర్వతాన్ని 2009లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. లియాంగ్, లిన్ దంపతుల పేర్లు ఇప్పుడు అందరూ గౌరవంగానే తలుస్తున్నారు. కూలిన కోటగోడ మాత్రం తిరిగి లేవదు.

కాబట్టి మిత్రమా, గుడికి మొక్కమని నేననడం లేదు. గుడి కట్టించిన వాణ్ణి కీర్తించమనీ అనడం లేదు. తడిగుడ్డ తీసుకుని దూలం తుడవమంటున్నాను. ఎవరి పేరు తేలుతుందో చూడమంటున్నాను. తేలని పేర్లెవరివో ఆలోచించమంటున్నాను. భక్తులు ఈ పని చేయరు, ధనికులు చేయనివ్వరు. చేయవలసిన వాళ్లం మనమే.

వచ్చే నెల మా ఊరి ఆలయ కమిటీ సమావేశం ఉంది. శాసనం మీది రంగును రాయి చెడకుండా తీయించమని అర్జీ రాశాను. చరిత్ర తెలిసినవారి సలహాతో తీయిస్తే ఖర్చెంతవుతుందో కనుక్కుని అందులో రాశాను. అర్జీ కింద నా సంతకంతో పాటు, ఒకప్పుడు నాతో వచ్చి బొగ్గుపొడితో ఆ అచ్చు తీసిన పిల్లలు పదకొండు మంది సంతకాలున్నాయి. వాళ్లిప్పుడు పిల్లలు కారు. అందులో ఒకడు వడ్రంగి పని చేస్తున్నాడు.